ఖన్యూ కోసం వచ్చినవాళ్ళు

న్యొమ్మలాత్ సంత,
జూన్

బువాఫన్ అక్కకి,

నీ కప్ప రాస్తున్న ఉత్తరం. ఆఫీసులో అందరూ "మణిసాయ్ గారూ" అంటుంటే ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని పక్కకి చూస్తున్నాను. కప్ప అని పిలిచేవాళ్ళు ఇక్కడ ఒక్కరూ లేరు.

కొత్త పని బాగానే ఉంది. సంతలన్నీ తిరగాలి, అడవి నుంచి ఏయే జంతువులు అమ్మకానికొచ్చాయో చూసి రాసుకోవాలి. చెప్పడానికి తేలికే గానీ, నేను కాలు పెట్టగానే అరటాకులన్నీ లేచి బుట్టల మీద పడతాయి. నిన్న ఒక ముసలమ్మ ముందు ఆకు కింద నుంచి పొడుగాటి తోక కనిపిస్తోంది.

"ఏంటమ్మా అది?" అన్నాను.

"చేప."

"చేపకి బొచ్చుంటుందా?"

"ఈ ఏడు నీళ్ళు చల్లగా ఉన్నాయి తల్లీ" అంది.

నవ్వాపుకోలేకపోయాను. నేను నవ్వేసరికి ఆవిడే ఆకు తీసింది. ఎగిరే ఉడత. కాళ్ళ మధ్య చర్మాన్ని గొడుగు గుడ్డలా సాగదీసి మరీ చూపించింది. ఆ పక్కావిడ దగ్గర పళ్ళెమంత మెత్త డిప్ప తాబేలు, దాని పక్కన వెదురు గొట్టంలో బతికున్న పెద్ద బల్లి. ఎర్రచీమల గుడ్లు మాత్రం నువ్వు మన సంతలో అమ్మేవాటంత తెల్లగా ఎక్కడా లేవు.

మా పెద్ద సారు పేరు విసాయ్. రాజధాని వియన్‌త్యాన్ నుంచి వచ్చారు, మంచాయన. మొన్న సంతలో ఖన్యూని చూసి, ఇది ఎలుకో ఉడతో తేల్చుకోలేక తల పట్టుకున్నారు. ఈ సున్నపురాయి కొండల్లో తప్ప ఇలాంటిది ఇంకెక్కడా లేదంటున్నారు. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నది అంత వింత జంతువని ఇప్పుడే తెలిసింది.

అవునూ, మన సంతకి ఖన్యూలు బాగా వస్తున్నాయా? ఏ కొండ నుంచి వస్తున్నాయి? ఊరికే అడుగుతున్నాను.

నీ
మణి


నాదెంగ్ ఊరు,
జూన్ చివర

కప్పా,

ఊరికే అడుగుతున్నానని రాశావంటే ఊరికే కాదన్నమాట. చిన్నప్పుడు ఉట్టి మీద ఎండు మాంసం ఉందా అని కూడా ఇలాగే ఊరికే అడిగేదానివి.

ఖన్యూలు వస్తూనే ఉన్నాయి. ఏ కొండవంటే ఎవరు చెబుతారే? నేను పక్కనున్న ఫొన్ ఊరి వైపువి అంటాను, ఫొన్ ఊరివాళ్ళు నాదెంగ్ వైపువి అంటారు. ఉచ్చు పెట్టే చోటు చెప్పుకునేవాడు వేటగాడెలా అవుతాడు? నువ్వు గనక చెబుతున్నాను, నా దగ్గరున్నవన్నీ మన ఫాలోమ్ కొండవే, మీ బావ ఉచ్చుల్లో పడ్డవే. ఇది కాగితాల్లో రాసుకోకు.

జనం చాదస్తం మారలేదు. ఖన్యూకి తోక లేకపోతే పాతదంటారు. గట్టిగా పట్టుకుంటే ఆ తోక చేతికి ఊడొస్తుందని ఎంత చెప్పినా వినరు. అందుకని తోకని ఆకులో చుట్టి పసిబిడ్డని తెచ్చినట్టు తెస్తున్నాను. నీ చదువంతా వాటి మీదే అయ్యిందని గుర్తుందా? నువ్వు బడికి కట్టుకెళ్ళిన నీలం లంగాలన్నీ అవి కుట్టించినవే. ఇప్పుడు కలం పట్టుకుని వాటి లెక్క తీస్తున్నావు. అవి వింటే నవ్వుకుంటాయి.

మీ బావ పోయినేడు రాళ్ళ మీద జారిన దగ్గర నుంచి కాలు ఈడుస్తూనే ఉన్నాడు. ఊరికి తెల్ల కారులో ఎవరో వచ్చి వెళ్ళారు. మంచే జరిగేటట్టుంది. ఖాయమయ్యాక రాస్తాను.

అక్క


థాఖేక్,
జులై

అక్కా,

ఊరికే అడిగానన్నది అబద్ధమే.

ఆఫీసు గోడ మీద ఒక పటం ఉంది. సిమెంటు కోసం పేల్చబోయే కొండలకి దాని మీద ఎర్ర చుక్కలు పెట్టారు. ఫాలోమ్ మీద చుక్క ఉంది. పనిలో చేరిన రోజే చూశాను. నీకు ఎలా చెప్పాలో తెలియక చేపల కథలూ ఉడతల కథలూ రాశాను.

అది మా కొండ అని విసాయ్ సారుతో చెప్పాను. ఖన్యూలు అక్కడ ఉంటున్నాయని చూపిస్తే పేల్చే జాబితాలోంచి ఆ కొండ పేరు కొట్టించగలనన్నారు. కానీ సంతలోది పనికిరాదట. చచ్చిన జంతువు ఏ కొండదో ఎవరికి తెలుసు, అమ్మేవాళ్ళు ఎలాగూ నిజం చెప్పరు. బతికున్నదాన్ని ఆయన కళ్ళతో చూడాలి, అది కాపురముండే రాళ్ళ సందూ చూడాలి. వానలు తగ్గి పేల్చే పనులు మొదలవకముందే జరగాలి.

బావని అడుగు అక్కా. ఉచ్చు మాత్రం వద్దు, మెడ బిగిసి చచ్చిపోతుంది. బతికున్నది ఒక్కటి చాలు.

మణి


నాదెంగ్,
జులై చివర

మణిసాయ్‌కి,

నీ ఉత్తరం అందింది. నువ్వొకటి దాచావు గనక నేను దాచింది కూడా చెబుతాను.

ఆ తెల్ల కారు వాళ్ళు సిమెంటు వాళ్ళే. మీ బావకి కాపలా ఉద్యోగం ఇస్తామన్నారు. నెల జీతం, టోపీ, కూర్చోడానికి కుర్చీ. కుర్చీ, వింటున్నావా? పెళ్ళయిన దగ్గర నుంచీ ఆ రాళ్ళ మీద పాకుతూ దిగుతూ కాలు పాడుచేసుకున్న మనిషిని కూర్చోమన్నారు. ఆ రోజు నుంచి నొప్పి అనడం మానేశాడు. మా ఆయన ఉన్లాకి ఉద్యోగమొచ్చిందని నేనే ఊరంతా చెప్పుకుని తిరిగాను.

ఇప్పుడు నువ్వు ఫ్యాను కింద కూర్చుని కొండ కావాలంటున్నావు. కొండని వదిలేసి వెళ్ళింది నువ్వు. మోకాళ్ళు అరిగేలా తిరిగింది మేము. ఖన్యూకున్న విలువ మీ బావ కాలికి లేదా?

ఆయన్ని నేను అడగను. ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు.

బువాఫన్


థాఖేక్,
ఆగస్టు

అక్కా,

బావ కాలికి తైలం బస్సు డ్రైవరుతో పంపాను. వేడి గుడ్డతో కాపడం పెట్టాక రాయాలి.

నువ్వన్నది నిజమే. కుర్చీ సంగతి చదివి ఏడ్చాను. ఇంక అడగను. కోపం తగ్గాక ఒక ముక్క రాయి. నువ్వు మాట్లాడకపోతే నాకు అన్నం సయించడం లేదు.

కప్ప


నాదెంగ్,
ఆగస్టు చివర

కప్పా,

అన్నం తిను. తైలం బాగా పనిచేస్తోంది, ఇల్లంతా కంపు కొడుతోంది.

సిమెంటు వాళ్ళు రాయి ఎలాంటిదో చూసుకోవడానికని కొండకి ఒక మూల మందు పెట్టి పేల్చారు. మన ఊరి పెద్దగారి భార్య చోమ్సీ పెద్దమ్మ అప్పుడు బియ్యం కడుగుతోంది. కుండ వదిలేసి పరిగెత్తుకెళ్ళి ఇంటి మెట్ల కింద దూరింది. ముసలివాళ్ళందరూ అంతే, ఎక్కడివాళ్ళక్కడ నేల మీద పడుకుండిపోయారు. చప్పుడు ఆగిపోయాక కూడా లేవలేదు. యుద్ధం అయిపోయి నువ్వు పుట్టి పెరిగి ఉద్యోగానికి వెళ్ళావు గానీ వాళ్ళ ఒంట్లోంచి ఆ భయం పోలేదు.

నేను గుహ దగ్గరికి వెళ్ళాను. విమానాలు బాంబులేసే రోజుల్లో అమ్మ నన్ను కన్నది అక్కడే, ఆ సంగతి నీకు వెయ్యిసార్లు చెప్పి విసిగించాను. గుహ ముందు రాతి మీద ఎర్ర రంగుతో అడ్డగీతలు కొట్టారు. చేత్తో రుద్దాను, లంగా అంచుతో రుద్దాను. పోలేదు. కింద ఊట నీళ్ళు బురదగా వస్తున్నాయి. అక్కడే కూర్చుని గట్టిగా ఏడ్చానే. కొండ కావాలంటున్నావని నిన్ను దెప్పింది నేనేనా అనిపించింది.

ఇంటికొచ్చి మీ బావకి చెప్పాను. కాలు చాపుకుని తైలం రుద్దుకున్నాడు. తరవాత, "కుర్చీయే కదా, మనమే చేసుకుందాం. వెదురుకేం కరువు?" అన్నాడు.

మర్నాడే చేపల బుట్టకి లోపలికి తెరుచుకునే మూత కట్టి, జిగురన్నం ముద్ద పెట్టి, కర్ర ఊతంతో పైకెళ్ళాడు. ఖన్యూ పడింది. కోళ్ళగంప కింద పెట్టి ఆకులు వేస్తున్నాం. ఇన్నేళ్ళు అమ్మాను గానీ బతికున్నదాన్ని ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. బాతు నడక నడుస్తుంది. మనిషిని చూసి పారిపోదు. నిన్న మీ బావ గంప ఎత్తితే ఆయన పాదం మీదకెక్కి కూర్చుంది. అది దిగేదాకా కాలు కదపలేదు ఆయన. "చూడు, బరువే లేదు" అని పదేపదే అన్నాడు.

మీ సార్లని తీసుకురా.

అక్క


థాఖేక్,
సెప్టెంబరు

అక్కా,

నీ ఉత్తరం జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాను. బావకి నా నమస్కారం.

వచ్చే వారం వస్తున్నాం. విసాయ్ సారు, పైఆఫీసు నుంచి ఇంకో ఇద్దరు, నేను. వాళ్ళు అంత దూరం ఖన్యూ కోసమే వస్తున్నారని ఊరి పెద్దకి గట్టిగా చెప్పు. ఏ లోటూ రాకూడదు. ఇందులో ఊరి పరువు ఉంది.

మణి


నాదెంగ్,
సెప్టెంబరు

కప్పా,

మీ కారు వెనక పరిగెత్తాను. నువ్వు వెనక్కి చూడలేదు. అంత కోపం న్యాయమే గానీ, మీరు రాకముందు ఏం జరిగిందో నీకు తెలియదు. విని ఆ తరవాత తిట్టు.

నువ్వు రాసిన ముక్కలే ఊరి పెద్దకి చదివి వినిపించాను. ఆయన ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. పట్నం నుంచి పెద్దవాళ్ళు ఖన్యూ కోసమే వస్తున్నారు, లోటు రాకూడదు, ఊరి పరువు. ఇందులో చోమ్సీ పెద్దమ్మకి ఇంకో రకంగా ఎలా అర్థమవుతుంది చెప్పు? మన ఊళ్ళో అతిథి ఫలానాది కావాలని వస్తే దాన్ని గంప ఎత్తి చూపించి పంపిస్తామా? నేను మీ కోసం రోడ్డు మీద నిలబడి ఉన్నాను, మీ బావ కొండ దారిలో ముళ్ళు నరుకుతున్నాడు. ఆవిడ మా ఇంటికొచ్చి గంపతో సహా పట్టుకుపోయింది. దాన్ని కోసి, మాంసం సన్నగా తరిగి, వేయించిన బియ్యప్పొడీ పుదీనా వేసి లాప్ చేసింది. ఇంట్లోవాళ్ళని ఒక్క ముక్క ముట్టుకోనివ్వలేదు.

విసాయ్ సారు రెండోసారి అడిగి పెట్టించుకుంటుంటే పరువు నిలబడిందని మురిసిపోయిందట. ఆయన చెయ్యి కడుక్కుని, "ఇక ఖన్యూని చూద్దామా?" అన్నప్పుడు ఆవిడ మొహం నువ్వూ చూశావు కదా. "చూడటానికా?" అంది పాపం.

ఇప్పుడు గుమ్మం దిగడం లేదు. ఊరికి తానే నిప్పు పెట్టానంటోంది. తప్పు నాదీ ఉంది, నీదీ ఉంది. తినడానికి కాదని మనిద్దరిలో ఒక్కరమూ చెప్పలేదు. మనకి ఆ మాట తోచనే లేదు.

ఇక కొండ పోయినట్టేనా? ఉన్నదున్నట్టు రాయి.

అక్క


థాఖేక్,
సెప్టెంబరు చివర

అక్కా,

నేను వెనక్కి చూడనిది కోపంతో కాదు. చూస్తే వాళ్ళందరి ముందూ నవ్వు వచ్చేదో ఏడుపు వచ్చేదో నాకే తెలియలేదు.

దారంతా విసాయ్ సారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. థాఖేక్ దగ్గర పడుతుండగా, "మణిసాయ్, నేను రెండోసారి పెట్టించుకున్నాను కదా?" అన్నారు.

"అవును సార్."

"అందులో అల్లం ఎక్కువ వేసిందా ఆవిడ?"

"లేదు సార్, ఆ మాంసం రుచే అంత."

ఆయన మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయారు. కారు దిగేటప్పుడు, తిన్నది తనే గనక మళ్ళీ వెళ్ళే బాధ్యత తనదేనన్నారు. వచ్చే నెల పడవ పందేలు అవ్వగానే కొండల జాబితా పైకి వెళ్ళిపోతుంది. దానికి ముందు ఆయన ఒక్కరే వస్తారు. అదే ఆఖరు.

నన్ను బువాలఫా వైపు సంతలకి పంపేస్తున్నారు, నేను రాలేను. చోమ్సీ పెద్దమ్మని నేను ఏమీ అనుకోలేదని చెప్పు. మళ్ళీ ఒకటి దొరుకుతుందా అక్కా? నాకు భయంగా ఉంది.

మణి


నాదెంగ్,
అక్టోబరు

కప్పా,

తీరుబడిగా కూర్చుని చదువు.

ఖన్యూ ఓ పట్టాన పడలేదు. మీ బావ రోజూ ఎక్కాడు, రోజూ ఖాళీ బుట్టతో దిగాడు. చప్పుడుకి బెదిరి లోపలికెళ్ళిపోయాయన్నాడు. మీ సారు రావలసిన ముందు రోజు పడింది. గంప మీద రుబ్బురోలు పెట్టి, దాని పక్కనే నేను కూర్చున్నాను.

అప్పుడొచ్చింది చోమ్సీ పెద్దమ్మ. చేతిలో పూల పళ్ళెం, తెల్ల దారాలు, ఉడకబెట్టిన గుడ్డు. "బెదిరి చెదిరిన ప్రాణాలు ఒంట్లోకి తిరిగొచ్చేటట్టు దీనికి ప్రాణాలు పిలుద్దాం. దారం కట్టాక దీన్ని ఎవడు తింటాడో నేను చూస్తాను" అంది. ప్రాణాలు పిలిచే ముసలాయన మొదట ఒప్పుకోలేదు.

"ఎలుకకి నేను చదవను" అన్నాడు.

"ఎలుకో ఉడతో సార్లకే తెలియదు, నీకు తెలిసిందా?"

"మరి ఏ పేరు పెట్టి పిలవను?"

"ఫాలోమ్ బిడ్డా అని పిలువు."

పిలిచాడు. మనుషులకి పిలిచినట్టే ముప్పై రెండు ప్రాణాల్నీ, అడవిలో ఉంటే అడవి నుంచి, నీళ్ళలో ఉంటే నీళ్ళ నుంచి రమ్మని పిలిచాడు. మీ సారు సరిగ్గా ఆ సమయానికి వచ్చారు. ఆయన చేతికీ దారం కట్టారు. ఖన్యూ ముంగాలికి చోమ్సీ పెద్దమ్మ కట్టింది. అది కదలకుండా కట్టించుకుంది. మాలో ఒక్కరం నవ్వలేదే.

తంతు అవగానే సారు, "ఇక ఆ దారం తీసేసి కొండ మీద వదులుదాం, అది ఉండే చోటు చూసినట్టవుతుంది" అన్నారు. ఆవిడ గంపకి అడ్డంగా నిలబడింది.

"మూడు రోజులు తియ్యకూడదు సారూ. పిలిచిన ప్రాణాలు వెనక్కి పోతాయి. నీ చేతిది తీసేస్తావా?"

ఆయన తన మణికట్టు చూసుకున్నారు. తీయలేదు. బ్యాగు గుడిలో పెట్టుకుని ఉండిపోయారు. ఒక్క పూటలో వెళ్ళిపోవలసిన మనిషి అలా చిక్కుకుపోయి, రోజూ పొద్దువాలే వేళకి మీ బావ వెంట కొండెక్కారు. రాళ్ళ మధ్య ఎన్ని తిరుగుతున్నాయో అప్పుడు చూశారు. ఒక తల్లి పిల్లని వెంటేసుకుని ఆయన బూటు పక్క నుంచే నడిచి వెళ్ళిందట. ఒక్క పూటకి వచ్చి ఉంటే మన గంపలోని ఒక్కదాన్నే చూసి, ఎక్కడిదో పట్టుకొచ్చారని ఎవరైనా అంటే నోరెత్తలేకపోయేవాణ్ణని ఆయనే అన్నారు.

గడువు అయ్యాక చోమ్సీ పెద్దమ్మే దారం విప్పింది. వదలగానే తొందరేమీ లేకుండా బాతు నడకతో తన సందులోకి వెళ్ళిపోయింది. అన్ని రోజులూ ఆవిడ సారుకి వెదురు మొలకల పులుసు, గుడ్లే పెట్టింది. గిన్నె దించిన ప్రతిసారీ "ఇది కోడిగుడ్డే సారూ" అని ప్రమాణం చేసింది.

ఇక పైవాళ్ళ దయ. నువ్వు వేళకి తిను.

అక్క


థాఖేక్,
డిసెంబరు

అక్కా,

ఫాలోమ్ పేరు కొట్టేశారు. కాగితం నా కళ్ళతో చూశాను. ఆఫీసు వెనక్కి వెళ్ళి కాసేపు ఒక్కదాన్నే నిలబడ్డాను.

ఇంకో మాట కూడా ఉంది. ఇక మీదట ఆ కొండ మీద ఎవరూ ఉచ్చు పెట్టకూడదు. మన సంతలో ఖన్యూ అమ్మకూడదు. సంత ఆడవాళ్ళు ఒప్పుకుని సంతకాలు పెట్టాలి. అందరికంటే ఎక్కువ అమ్మేది నువ్వు గనక మొదటి సంతకం నీదే ఉండాలంటున్నారు. నువ్వు పెట్టకపోతే ఇంకెవరూ పెట్టరని వాళ్ళకీ తెలుసు.

బావ ఉద్యోగం నా వల్లే పోయింది. ఇప్పుడు నీ ఆకు మీద సరుకు కూడా తీసెయ్యమంటున్నాను. నన్ను చదివించిన సరుకు అది. ఈ మాట ఆఫీసు కాగితంలో రాకముందే నేనే చెప్పాలని రాస్తున్నాను. నువ్వు కాదంటే నిన్ను తప్పు పట్టను.

మణి


నాదెంగ్,
జనవరి

కప్పా,

సంతకం పెట్టాను. నీ కోసం పెట్టానని ఆఫీసులో గొప్పలు పోకు. చోమ్సీ పెద్దమ్మ నా వెనకే నిలబడి వీపులో పొడుస్తూనే ఉంది.

ఇబ్బందిగానే ఉంది, దాచను. చలికాలంలో బాగా పోయేది అదే. ఆకు మీద ఎప్పుడూ దాన్ని పెట్టే చోట ఇప్పుడు వెదురు మొలకలు సర్దుతున్నాను. ఊట నీళ్ళు మళ్ళీ తేటపడ్డాయి గనక నాచు కూడా తెస్తున్నాను, ఎండబెట్టి నువ్వులు చల్లితే బస్సువాళ్ళు కొంటున్నారు. మీ బావకి ఊరివాళ్ళు కొండ కాపలా ఇచ్చారు, ఇంటికింత అని బియ్యం కొలుస్తున్నారు. ఉచ్చులు ఎక్కడెక్కడ పెడతారో ఆయనకి వెతకనక్కర్లేదు, అన్నీ ఆయన పెట్టిన చోట్లే. ఫొన్ ఊరివాళ్ళతో రోజూ దెబ్బలాటే. మనిషి కులాసాగా ఉన్నాడు.

నిన్న వియన్‌త్యాన్ వెళ్ళే బస్సు ఆగింది. చేతికి గాజులు, కళ్ళకి నల్లద్దాలు పెట్టుకున్న ఒకావిడ దిగి నేరుగా నా దగ్గరికొచ్చింది.

"ఖన్యూ ఉందా? ఈ సంతలో మంచివి దొరుకుతాయన్నారు" అంది.

వరసలో ఉన్న ఆడవాళ్ళందరూ బేరాలు ఆపి నా వైపు చూశారు.

"ఉంది" అన్నాను.

"ఏదీ?"

గడ్డంతో కొండ వైపు చూపించాను. ఆవిడ అద్దాలు పైకెత్తి కొండని చూసింది, నా ఆకు మీద చూసింది, మళ్ళీ కొండని చూసింది.

"ఎంత చెబుతున్నావు?" అంది.

"అది అమ్మను" అన్నాను.

సంతలో కూర్చుని ఇన్నేళ్ళలో ఆ మాట అనడం ఇదే మొదలు. అంటుంటే ఎంత బాగుందో నీకు చెప్పలేను.

బువాఫన్ అక్క